పదహారో తాడు

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. గడప దగ్గర ఉన్నవాళ్ళు కూడా లోపలికి రండి, గాలికి మాట సగం వీధిలోకే పోతోంది. చేతుల్లో ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ఇదేం పెద్ద కథ కాదు. ఒక బావి, ఒక కోలాటం జట్టు, ఆ రెండింటి నడుమ నలిగిపోయిన ఒక ఆడమనిషి. ఆమె పేరు శకుంతలమ్మ.

చిత్తూరు నుంచి పాకాల పోయే దారిలో ఎడమ చేతికి తిరిగితే మిట్టిండ్లు వస్తుంది. ఎనభై ఇళ్ళుంటాయేమో. ఊరి చుట్టూ మామిడి తోటలు, ఊరికి పై పక్కన వంక, వంక అవతల ఫ్యాక్టరీ. అందరూ జ్యూస్ ఫ్యాక్టరీ అంటారు గానీ అక్కడ తీసేది మామిడి గుజ్జు. కాయల కాలం రెండున్నర నెలలూ దాని పొగగొట్టం ఆగదు. తోతాపురి కాయలు నింపుకున్న ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరి ఉంటాయి. కాయలు అయిపోగానే ఊరు మళ్ళీ ఊరులా అవుతుంది. తొక్కలు, టెంకలు మాత్రం వంకలో మిగిలిపోతాయి.

శకుంతలమ్మ ఇల్లు వంక వైపున చిట్టచివరిది. వాకిట్లో రాతి బావి, ఆమె అత్త కాపురానికి వచ్చిన ఏడు తవ్వించింది. ఆ నీళ్ళతో కందిపప్పు రెండు పొంగులకే మెత్తబడుతుందని పక్క ఊరి వాళ్ళు కూడా చెప్పుకునేవారు. పెళ్ళిళ్ళకు వంట మొదలుపెట్టే ముందు ఈ బావి నుంచే బిందెలు మోసుకుపోయేవారు.

పోయిన ఆషాఢంలో ఒక పొద్దున ఆమె నీళ్ళు తోడి ఆవు ముందు పెట్టింది. ఆవు మూతి దించింది, బుస్సుమని ఊదింది, తల పక్కకు తిప్పేసింది. ఆమె మళ్ళీ తొట్టి జరిపింది. ఆవు మళ్ళీ తిప్పేసింది. అప్పుడు శకుంతలమ్మ దోసిట్లో కాసిని నీళ్ళు తీసుకుని వాసన చూసింది. మూత పెట్టి నాలుగు రోజులు మరిచిపోయిన గంజి ఎలా ఉంటుందో అలా, పుల్లగా, ముక్కు లోపల పట్టుకుని వదలని వాసన.

మొగుడు గోవిందస్వామి అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు.

"ఏమయ్యా, ఒక తూరి ఇట్టా రా. నీల్లు గబ్బు కొడతాండాయి."

"నేను ముందే సెప్పలేదా! ఆ ఫ్యాక్టరీ వోల్లు ఊరిని సంపేస్తారని సెప్పలేదా!"

"అది సరే, వొచ్చి సూడు ముందు."

"సూసేదేముండాది? నాకు తెలవదా?" అని నోరు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, బావి వైపు తిరిగి కూడా చూడకుండా రోడ్డు మీది మునిరత్నం టీకొట్టుకు పోయాడు.

సాయంత్రానికల్లా మిట్టిండ్లలో బావులన్నీ విషమైపోయాయనీ, ట్యాంకు నీళ్ళు కూడా పచ్చగా తిరిగాయనీ టీకొట్టులో తీర్మానమైపోయింది. ట్యాంకుకు నీళ్ళు వచ్చేది రెండు మైళ్ళ అవతలి బోరు నుంచి. అది అక్కడ ఉన్న ఎనిమిది మందికీ తెలుసు. అయినా ఆ ఎనిమిది మందిలో ఒకడూ లేచి శకుంతలమ్మ బావి దాకా రాలేదు. వాళ్ళ కోపం మాత్రం అబద్ధం కాదు. ఆ ఏడు ఫ్యాక్టరీ గేటు ముందు రెండు పగళ్ళు వాళ్ళ ట్రాక్టర్లు నిలబడ్డాయి. మూడోనాడు కాయ మాగిపోయిందని సగం లోడు వెనక్కి తోలారు. గోవిందస్వామి ఆ కాయలను తానే పారతో వంక గట్టున దించి వచ్చాడు. ఆ రోజు అన్నం తినలేదు. అప్పటినుంచి మునిరత్నం ఏ మాటంటే ఆ మాటకు ముందుగా తల ఊపేది ఆయనే.

ఇక జట్టు సంగతి.

పదకొండేళ్ళ కిందట చిన్నబ్బ అనే ముసలాయన ఆ ఊరికి వచ్చాడు. పళ్ళిపట్టు పక్క మనిషి, మాటకు ముందో వెనకో ఒక అరవ మాట తగులుతూ ఉంటుంది. చేతిలో తాళాలు, సంచిలో కోలలు. ఊరి బడి వరండాలో ఆడవాళ్ళకు కోలాటం నేర్పుతానన్నాడు. మొగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళు పదహారు మంది వచ్చారు. శకుంతలమ్మ అందరికంటే చివర వచ్చింది, అందుకని ఆమెది పదహారో తాడు.

తాడంటే ఏమిటో చెబుతాను. ఆయన నేర్పింది జడ కోలాటం. నడుమ నిలువెత్తుకు రెండింతలు పొడవైన కొయ్య పాతుతారు. దాని తలకు ఒక చక్రం, చక్రానికి పదహారు గుడ్డ తాళ్ళు. ఒక్కొక్కరు ఒక్కో తాడు ఎడమ చేత పట్టుకుంటారు, కుడి చేత కోల. ఎనిమిది మంది ఇటు, ఎనిమిది మంది అటు తిరుగుతారు. ఎదురొచ్చిన మనిషి కోలకు కోల తగిలించి, ఒకసారి ఆమె లోపలినుంచి, ఒకసారి వెలుపలినుంచి దాటుకోవాలి. అలా ఆడుతుంటే తలపైన తాళ్ళు అల్లుకుంటూ జడ కిందికి దిగుతుంది. పాట సగమయ్యాక వచ్చిన దారినే వెనక్కి ఆడాలి, అప్పుడు జడ విడిపోతుంది. ఎక్కడా ఒక్క అడుగు తప్పకూడదు. తప్పితే చిక్కు.

ఎనిమిది జతల్లో శకుంతలమ్మ జత లోకేశ్వరి. ఆమెకంటే పన్నెండేళ్ళు చిన్నది, నోరు పెద్దది. మొగుడు లేడు, ఒక్కతే కూతురు రూపశ్రీ. పదకొండేళ్ళలో ఈమె కోల ఎత్తక ముందే ఆమె కోల వచ్చి ఉండేది. మీకు విచిత్రంగా ఉంటుందేమో గానీ, నలభై ఆరేళ్ళ వయసు వచ్చేదాకా శకుంతలమ్మకు ఊళ్ళో చుట్టాలున్నారు, అక్క చెల్లెళ్ళ వరసవాళ్ళున్నారు, స్నేహితురాలంటూ ఒకతె లేదు. ఆ వరండా ఆమెకు ఎంతో చెప్పాలంటే ఇదే చాలు.

ఆ వరండాలోకి జయరావు ఎప్పుడు వచ్చాడో ఎవరికీ సరిగా గుర్తుండదు. నాకు గుర్తుంది. మొదట వరండాకు లైటు వేయించాడు. మరుసటేడు పాటల పెట్టె కొనిచ్చాడు. ఆ పై ఏడు ఒకే రంగు చీరలు. మండలంలో ఆయన ఒక పార్టీకి పెద్ద, ఫ్యాక్టరీ వాళ్ళకు కావలసినవాడు. జట్టులో ఆరుగురి పిల్లలకు ఫ్యాక్టరీలో పని ఇప్పించాడు, అందులో రూపశ్రీ ఒకతె, కాయలు కోసే వరసలో. ఎవరినీ తన పార్టీకి ఓటెయ్యమని ఆయన అడగలేదు. అడగవలసిన పని రాలేదు. ఆట అయ్యాక ఆడవాళ్ళు చెమట తుడుచుకుంటూ కూర్చుని మాట్లాడుకునే మాటల్లోనే ఆ పని అయిపోయింది. ఒకతె ఒక మాట అంటుంది, రెండో ఆమె అవునంటుంది, మూడో ఆమెకు కాదనిపించినా కాళ్ళు నొప్పులుగా ఉంటాయి, ఊరుకుంటుంది. మర్నాటికి మూడో ఆమె కూడా అదే మాట ఇంట్లో చెబుతుంది.

ఆవు నీళ్ళు వద్దన్న రోజు సాయంత్రం శకుంతలమ్మ వరండాలో ఆ సంగతి చెప్పింది.

"మా బాయి నీల్లు పుల్లంగా వాసనొస్తాండాయి మే. ఆవు కూడా ముట్టలా."

ఒకామె కోలకు చుట్టిన గజ్జెలు సరిచేసుకుంది. ఇంకొకామె నవ్వింది.

"ఏం అక్కా, టీకొట్టు వరండా దాకా వొచ్చేసిందే!"

"టీకొట్టుకూ నా ముక్కుకూ ఏం సంబంధం?"

"గోవిందన్న నేర్పించి పంపినాడేమో అని!"

అందరూ నవ్వారు. లోకేశ్వరి నవ్వలేదు గానీ చటుక్కున అందుకుంది. "బాయి పూడిక తీసి ఎన్నేండ్లయింది అక్కా? బురద వాసన అయ్యుంటాది."

"ఐదేండ్లయింది."

"అదే మరి!"

"అదే అయ్యుంటాది," అంది శకుంతలమ్మ. అనేసింది. ఆ మాట అంటుంటేనే ఆమెకు ప్రాణం తేలికపడింది, అందరూ మళ్ళీ కదిలి కూర్చున్నారు, ఎవరో చెంబుతో మంచినీళ్ళు ఇచ్చారు. ఇంటికి వచ్చి బావిలో చేద వేసి మళ్ళీ వాసన చూసింది. నిజంగానే బురదలాగే తోచింది. పొద్దున లేచి చూస్తే గంజిలాగే ఉంది. సాయంత్రం వరండా నుంచి వస్తే మళ్ళీ బురద.

నా ముక్కు కూడా నాది కాకుండా పోయిందా ఏం ఖర్మ, అనుకుని ఆమె బావి గట్టున కూలబడింది. ఆలోచిస్తే నవ్వొచ్చింది, వెనకాలే నీరసమొచ్చింది. పెళ్ళికి ముందు ఆమె నాయన ఏ గుర్తు అంటే ఆ గుర్తు మంచిది, అవతలి వాళ్ళు దొంగలు. పెళ్ళయి మిట్టిండ్లకు వచ్చాక ఆ దొంగలే మంచివాళ్ళయ్యారు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న దేవుడు మారలేదు, చారులో మిరియాలు మారలేదు, రాజకీయం మాత్రం పెట్టె దించేలోగా మారిపోయింది. ఆ తర్వాత ఈ వరండా. ఎప్పుడూ ఎవరూ బలవంతం చెయ్యలేదు. ప్రతిసారీ తనే అనుకున్నాననుకుంది.

ఆవు మాత్రం ఆ నీళ్ళు తాగలేదు. ఆవుకు టీకొట్టు లేదు, వరండా లేదు. శకుంతలమ్మ రోజూ పొద్దున ట్యాంకు నీళ్ళకు పోయేలోగా, బావి నీళ్ళతో ఆవు ముందు తొట్టి పెట్టి నిలబడేది. ఒక్కరోజైనా తాగితే బాగుండునని నిజంగా కోరుకునేది. అది మూతి దించేది, ఊదేది, తల తిప్పేది.

శ్రావణం వెళ్ళగానే ఊళ్ళో చాటింపు వచ్చింది. ఫ్యాక్టరీ ఇంకో షెడ్డు కట్టబోతోంది, ఇప్పటికి రెండింతలు కాయ ఆడుతుంది. దానికి ముందు బడి ఆవరణలో ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది, చిత్తూరు నుంచి ఆఫీసరు వస్తారు, ఊరివాళ్ళు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు.

ఆ వారం శకుంతలమ్మకు రెండు చోట్లా మర్యాదలు ఎక్కువయ్యాయి.

జయరావు వరండాకు వచ్చి ఆవపూల రంగు చీరలు పంచాడు. "అక్కయ్యలూ, ఆఫీసరమ్మ ఎదర మీ జడ కోలాటం పడాల. మన ఊరి పేరు నిలబడాల. మీరేం మాట్టాడబల్లేదు, ఆడితే సాలు," అన్నాడు. పోతూ పోతూ శకుంతలమ్మ దగ్గర ఆగాడు. "ఏం అక్కా, అన్న ఇంకా నామింద కోపంగానే ఉండాడా? బాయి పూడిక తీయించల్లంటే సెప్పు, మనుషుల్ని పంపిస్తా." ఎంత నెమ్మదిగా అన్నాడంటే, ఆమెకు దాదాపు కన్నీళ్ళు వచ్చాయి.

ఇంట్లో గోవిందస్వామి ఆ ఏడంతా వెయ్యనంత ప్రేమగా ఆమెకు పీట వేశాడు.

"సూడు శకుంతలా, నువ్వే లేసి సెప్పాల. ఆడమనిషి సెప్తే యిలవ. బాయి నీల్లు తాగి మనుసులు పడిపోతాండారని సెప్పు."

"ఎవురు పడిపోయినారయ్యా?"

"ఎవురో ఒగురు పడతారులే! ఈలోగా సెప్తే ఏమి?"

"లోకేశ్వరి బాయి బాగానే ఉండాది. చిన్నబ్బ తాత ఇంటికాడా బాగానే ఉండాది. మన ఒక్క బాయే గదా."

ఆయన పీట మీద నుంచి లేచిపోయాడు. "ఆ కట్టెల గుంపులో సేరి నువ్వు సెడిపోయినావు. అంతే!"

సేకరణ ముందు రోజు మధ్యాహ్నం లోకేశ్వరి వచ్చింది. ఇంట్లోకి రాలేదు, బావి దగ్గరకు అసలే పోలేదు. దడి అవతలే నిలబడింది.

"అక్కా, రేపు నోరు తెరవొద్దు."

"నేనేమంటానని?"

"ఏమన్నా అనొద్దు. రూపశ్రీకి ఈ నెల్లోనే పర్మనెంటు సేస్తామన్నారు. నువ్వు నా జత. నువ్వంటే నేనన్నట్టే ఊరికి." గొంతు తగ్గించి అంది, "నీమింద ఒట్టుగా, వరండాలో నిన్ను ఉండనియ్యరక్కా. వాల్లు మాట్టాడుకున్న్యారు."

శకుంతలమ్మ సరేననలేదు, కాదనలేదు. లోకేశ్వరి పోయాక ఆవుకు తొట్టి పెట్టింది. అది తల తిప్పేసింది. మాట్లాడితే వరండా పోతుంది, జత పోతుంది. మాట్లాడకపోతే రెండో షెడ్డు వస్తుంది, అత్త తవ్వించిన బావి పోతుంది. ఈ రెండే. ఎటు తిప్పి చూసినా మూడోది కనబడలేదు.

మర్నాడు పదింటికి బడి ఆవరణలో షామియానా. ఒక పక్క టీకొట్టు మనుషులు, నల్ల గుడ్డలు జేబులో పెట్టుకుని. ఇంకో పక్క ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లల తల్లిదండ్రులు. నడుమ దారి వదిలారు, ఎవరూ గీత గీయకపోయినా గీసినట్టే ఉంది. ఆఫీసరమ్మ చిన్న వయసుది, ఎండకు మొహం కమిలి ఉంది, ముందున్న కాగితాలు ఎగరకుండా నీళ్ళ సీసా పెట్టుకుంది.

ముందు కోలాటం. చిన్నబ్బ తాళం వేసి పాట అందుకున్నాడు. పదహారు మంది ఆవపూల చీరల్లో తాళ్ళు పట్టుకుని బయలుదేరారు. లోపలికి, వెలుపలికి, లోపలికి, వెలుపలికి. జడ చక్కగా దిగుతోంది, జనం చప్పట్లు కొడుతున్నారు. శకుంతలమ్మ కాళ్ళు ఆడుతున్నాయి, మనసు మాత్రం తొట్టి దగ్గర నిలబడి ఉంది. లోకేశ్వరి ఎదురొచ్చింది. ఆమె కళ్ళలోకి చూడకూడదనుకుంది శకుంతలమ్మ, అందుకని తల దించింది. తల దించడంతో వెలుపలినుంచి దాటవలసింది లోపలినుంచి దాటేసింది. పదకొండేళ్ళలో మొదటిసారి.

రెండు చుట్లు గడిచాక గానీ ఎవరికీ తెలియలేదు. జడ ఒక పక్కకు ఉబ్బింది. చిన్నబ్బ పాట ఆపేశాడు. షామియానాలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ ఆటలో తప్పు జరిగితే సర్దే పద్ధతి ఒకటుంది. తప్పిన మనిషి తన తాడు పట్టుకుని కదలకుండా నిలబడాలి. తక్కిన వాళ్ళు పాట లేకుండా, వట్టి తాళానికి, ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ చిక్కు దాకా పోవాలి. ఆమె కదిలితే చిక్కు బిగుస్తుంది.

"పదహారో తాడు నిల్లు," అన్నాడు చిన్నబ్బ మెల్లగా. "మిగతావోల్లు వెనక్కి."

శకుంతలమ్మ నిలబడింది. పదిహేను మంది ఆమె చుట్టూ వెనక్కి నడుస్తున్నారు. ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. ఎన్నాళ్ళకో, అందరూ కదులుతుంటే తను మాత్రం కదలకుండా ఉంది. భయం వేస్తుందనుకుంది, వెయ్యలేదు. వట్టి అలసట. కాళ్ళలో కాదు, ఎక్కడో వెనకనుంచి, నాయన వేలు పట్టుకుని బడి దగ్గర ఓట్ల వరసలో నిలబడ్డ నాటి నుంచి వస్తున్న అలసట. చిక్కు విడిపోయింది. జడ మళ్ళీ అల్లారు, మళ్ళీ విప్పారు. చప్పట్లు కొట్టారు, కొంచెం తక్కువగా.

తర్వాత ఒక్కొక్కరు లేచారు. మునిరత్నం లేచి మైకు పగిలేలా అరిచాడు, ట్యాంకు నీళ్ళు కూడా విషమన్నాడు. ఆయన కూర్చోగానే అవతలినుంచి ఒకాయన లేచి, ఊళ్ళో నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయన్నాడు. ఇద్దరికీ చప్పట్లు, ఎవరి పక్క వాళ్ళవి. ఆఫీసరమ్మ రాసుకుంటూ పోయింది.

"ఇంకెవరైనా చెప్పేది ఉందా?"

శకుంతలమ్మ లేచింది. పక్కన కూర్చున్న లోకేశ్వరి చెయ్యి ఆమె చీర కొంగును పట్టుకుంది, మళ్ళీ దానంతట అదే వదిలేసింది.

"మా బాయి నీల్లు వాసనొస్తాండాయమ్మా," అంది. "ఆషాడం నుంచి. పులిసిన గంజి వాసన. మా ఆవు తాగడం లేదు."

టీకొట్టు పక్కనుంచి ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. గోవిందస్వామి లేచి నిలబడి, "అదీ! సూసినారా, వాల్ల జట్టు మనిషే సెప్తాండాది! ఊరంతా సస్తాండామని సెప్తాండాది!" అని అరిచాడు. ఆయన మొహంలో అంత గర్వం ఆమె పెళ్ళినాడు కూడా చూడలేదు.

"నేను ఊరంతా అన్లేదు," అంది శకుంతలమ్మ.

చప్పట్లు తగ్గాయి.

"మా ఒక్క బాయి సంగతే సెప్పినా. లోకేశ్వరి బాయి బాగుండాది. ట్యాంకు నీల్లూ బాగుండాయి, నేను తాగతాండా గదా. మా ఇల్లు వంక పక్కన ఉండాది. వంకలో తొక్కలు ఏస్తాండారు. అవి తీసేస్తే సరిపోతాదో, సరిపోదో నాకు తెలవదు. ఫ్యాక్టరీ వొద్దని నేననను. ఆడ పిల్లకాయలు పని సేసుకుంటాండారు."

ఈసారి షామియానాలో ఏ పక్కనా చప్పట్లు లేవు. గోవిందస్వామి మెల్లగా కూర్చున్నాడు. జయరావు ముందు వరసలో చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు.

ఆఫీసరమ్మ కలం ఆపింది. "అంటే మీది అనుకూలమా అమ్మా, వ్యతిరేకమా?"

"మాది బాయమ్మా."

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరమ్మ కూడా నవ్వలేదు. "రెండు వరసలే ఉన్నాయమ్మా ఇక్కడ. ఏదో ఒకదాంట్లో రాయాలి."

"నడిమధ్యన రాయండి. వాసనొస్తాండాదని రాయండి సాలు."

ఆ పిల్ల కాగితం అంచున ఏదో రాసి ముందుకు జరిపింది. శకుంతలమ్మ తన పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. తను రాసిన చోట గీతలు లేవు, ఖాళీ అంచు మాత్రమే.

ఆ తర్వాత ఏం జరుగుతుందో మీకూ తెలుసు. గోవిందస్వామి నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. "ఒక్క మాట కలిపుంటే నీ సొమ్మేం పోయ్యేది?" అన్నాడు ఐదో రోజు. టీకొట్టులో ఆమె జయరావుకు అమ్ముడుపోయిందన్నారు. వరండాలో టీకొట్టుకు అమ్ముడుపోయిందన్నారు. ఊరు మొత్తం మీద రెండు పక్కలూ ఒప్పుకున్న మాట అదొక్కటే, అమ్ముడుపోయిందని.

ఆరో రోజు చిన్నబ్బ వచ్చాడు. వరండాలో ఆమెను ఇక వద్దన్నారు. కోలలు గురువువి, ఆడటం మానిన వాళ్ళు తిరిగి ఇచ్చెయ్యాలి. ఆయన అడగలేక అడగలేక అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు.

"నాకు నీమింద వరత్తం లేదమ్మా, కోపం లేదు. లైటు వాల్లది, పెట్టె వాల్లది. నేను వట్టి తాళం."

"తెలుసులే తాతా." ఆమె లోపలికి పోయి కోలలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పదకొండేళ్ళకు పట్టుకునే చోట కొయ్య నున్నబడి మెరుస్తోంది.

"లోకేశ్వరికి జత ఎవుర్ని పెట్టినావు?"

"ఎవుర్నీ పెట్టలా. పెడతానంటే అది ఒప్పుకోలా. వేరే సెయ్యి నాకు కుదరదని ఇంట్లో కూసుండిపోయింది. పదయిదు, పదారు తాళ్ళు పైన ముడేసి కట్టేసినా. పద్నాలుగు మందితోనే ఆడతాండారు. జడ సన్నబడిపోయింది." ముసలాయన లేచాడు. కోలలు తీసుకోలేదు. మరిచిపోయినట్టు అరుగు మీదే వదిలేసి పోయాడు.

ఎనిమిదో రోజు లోకేశ్వరి వచ్చింది. దడి దాటి, వాకిలి దాటి నేరుగా బావి దగ్గరకే వచ్చింది. మొహం మాడిపోయి ఉంది.

"ఇప్పుడు తృప్తిగా ఉండాదా నీకు? నీ కోలలు పోయె, నా కోలలూ పోయె. రూపశ్రీ పర్మనెంటు ఆపేసినారు. నీ ఒక్క బాయి కోసరం!"

శకుంతలమ్మ చేద వేసి నీళ్ళు తోడింది, గట్టు మీద పెట్టింది.

"నాకెందుకు సూపిస్తావు? నాకు తెలవదా?" అని అరిచింది లోకేశ్వరి. అరిచినదే వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళన్నీ కారిపోయాయి.

"రూపశ్రీ డూటీ నుంచి వొస్తే, దాని సీర ఇదే వాసనక్కా," అంది. "మూడేండ్ల నుంచి నేనే ఉతకతాండా. నువ్వు వరండాలో సెప్పిన పొద్దే నాకు తెలుసు."

"తెలిసే బురదన్నావా?"

"తెలిసే అన్న్యా." చేతులు చీరకు తుడుచుకుంది. "ఇప్పుడు అడిగినా ఆడ అదే అంటా. నన్ను ఆడ సెప్పమనొద్దక్కా."

"నేను సెప్పమన్న్యానా?"

ఇద్దరూ బావి గట్టున కూర్చున్నారు. ఒకరి మీద ఒకరికి కోపం ఉంది, లేవాలని మాత్రం లేదు. కాసేపటికి లోకేశ్వరి అరుగు మీది కోలలు చూసింది. లేచి పోయి రెండూ తెచ్చింది, ఒకటి ఆమె ఒళ్ళో పడేసింది. పాట లేదు, తాళం లేదు, తాళ్ళు లేవు. ఇద్దరు ఆడవాళ్ళు మిట్టమధ్యాహ్నం బావి పక్కన నాలుగు అడుగులు ముందుకు, నాలుగు వెనక్కి వేశారు. శకుంతలమ్మ కోల ఎత్తక ముందే ఆమె కోల వచ్చి ఉంది. ఇద్దరికే జడ అల్లలేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మూడు చుట్లకే ఆయాసపడి మళ్ళీ కూర్చున్నారు.

మర్నాటి నుంచి లోకేశ్వరి తన బావి నుంచి రోజూ రెండు బిందెల నీళ్ళు తెచ్చి ఆ ఇంట్లో పోసి పోతోంది. ఒకటి ఇంటికి, ఒకటి ఆవుకు. ఎవరైనా అడిగితే, ఆ పక్కకు పోతున్నా కదా అని తెచ్చానంటుంది. వరండాలో వాళ్ళిద్దరికీ ఇప్పటికీ చోటు లేదు. అంచున రాసిన కాగితం చిత్తూరు పోయింది, దాని సంగతి ఇంకా ఏమీ తెలియదు. బావి నీళ్ళు ఇంకా వాసన వస్తూనే ఉన్నాయి. గోవిందస్వామి మొన్న ఒకరోజు ఎవరూ చూడకుండా చేద వేసి, తోడి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ అనకుండా పారబోశాడట.

అంతే. ఇక లేవండి, మీ పనులు చూసుకోండి. కానీ ఇది గుర్తు పెట్టుకుని మీవాళ్ళకూ చెప్పండి. మీరు కూర్చునే చోట్లు మీకూ ఉన్నాయి, అక్కడ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం ఒక్క మాట చూసుకోండి. బావి ఒక్కటే అనండి, ఊరంతా అనకండి. నీళ్ళు వాసన వస్తున్నాయనండి, విషమనకండి, కొబ్బరినీళ్ళనకండి. రెండు బిందెలంటే రెండే. అది చాలు ఆమెకు.